మారువేషం వేసింది రాజు, పరీక్ష ఎవరికి?

అందరికీ నమస్కారం.

పోయిన వారం మనమంతా కలిసి ‘కమింగ్ టు అమెరికా’ చూశాం. సినిమా నడుస్తున్నంతసేపూ నవ్వులే. అయిపోయాక చర్చ మొదలైతే మాత్రం ఏ ఇద్దరికీ కుదరలేదు. ‘హాయిగా నవ్వించాడు, ఇంకేం కావాలి’ అన్నవాళ్ళున్నారు. ‘అబద్ధం చెప్పి అమ్మాయి మనసు గెలుచుకుంటే దాన్ని ప్రేమకథ అంటారా’ అన్నవాళ్ళున్నారు. ‘ఆఫ్రికా అంటే ఏనుగులూ సింహాలేనా’ అని వెనక వరుసలోంచి ఒకరు గట్టిగానే అడిగారు. నిర్వాహకులు ఈ వారం నన్ను మాట్లాడమన్నది ఆ గొడవ తీర్చమని కాదని నాకు తెలుసు. ఇంకాస్త రాజెయ్యమనే.

1988 జూన్ నెలాఖరులో అమెరికాలో విడుదలైన దగ్గర్నుంచీ ఈ సినిమా మీద ఇవే వాదనలు నడుస్తున్నాయి. అవన్నీ వింటూ, చదువుతూ వస్తే నాకు తోచింది ఒకటి. అకీమ్ మారువేషం వేసుకుని ఒక అమ్మాయిని పరీక్షించడానికి బయల్దేరాడు. ప్రేక్షకులేమో మూడు దశాబ్దాలు దాటినా అతన్నే పరీక్షిస్తున్నారు. వేషం వేసినవాడు దేన్ని పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డాడు? వాళ్ళకు కావలసిన జవాబు అది. నాకు వినిపించిన అభ్యంతరాల్లో చాలావరకు ఇక్కడి నుంచే పుడతాయి.

పోయిన వారం రానివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. జాముండా అనే ఊహాజనిత ఆఫ్రికా రాజ్యం. యువరాజు అకీమ్‌కి ఇరవై ఒకటో పుట్టినరోజు నాడు పెళ్ళికూతుర్ని చూపిస్తారు. ఆ అమ్మాయికి సొంత ఇష్టం అంటూ ఏదీ లేకుండా పెంచారు. తన బుద్ధికి సాటి రాగల మనిషి కావాలని అకీమ్ తోడుగా సెమ్మీని వెంటబెట్టుకుని న్యూయార్క్ చేరతాడు. రాణి దొరికే చోటు క్వీన్స్ కాక ఇంకేముంటుందని ఆ పేటలో దిగుతాడు. మెక్‌డోవెల్స్ అనే హాంబర్గర్ హోటల్లో నేల తుడిచే పనిలో చేరి, యజమాని కూతురు లీసాని ప్రేమిస్తాడు. తాను మేకలు కాసేవాడినని చెప్పుకుంటాడు. దర్శకుడు జాన్ లాండిస్. అకీమ్‌గా ఎడ్డీ మర్ఫీ, సెమ్మీగా ఆర్సెనియో హాల్, లీసాగా షారీ హెడ్లీ. రాజుగా జేమ్స్ ఎర్ల్ జోన్స్, రాణిగా మాడ్జ్ సింక్లెయిర్. ఆ ఏడాది అమెరికాలో బాగా ఆడిన మూడు నాలుగు సినిమాల్లో ఇదొకటి. అక్కడే పన్నెండు కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది.

ముందు అందరూ ఒప్పుకునే సంగతితో మొదలుపెడతాను. ఈ సినిమాలో ఎక్కువమందికి గుర్తుండిపోయింది ప్రేమ సన్నివేశాలు కావు, మంగలి షాపు. ఎవరినైనా అడిగి చూడండి. లీసాతో అకీమ్ ఏం మాట్లాడాడో చాలామందికి గుర్తుండదు. క్లారెన్స్ అనే ఆ ముసలి మంగలి ఏం అరిచాడో మాత్రం వరసపెట్టి అప్పజెబుతారు. బాక్సర్లలో ఎవరు గొప్ప అన్నది అక్కడి వాదన. జో లూయిస్ అంటాడొకడు, రాకీ మార్సియానో అంటాడు ఇంకొకడు. ఒకరి మాట ఒకరు వినరు, ఎవరికీ వయసులు సరిగ్గా తెలియవు, అయినా గొంతు తగ్గదు. పనిపాటా లేకుండా పెద్దవాళ్ళు పోగై లోకం మొత్తానికి తీర్పులు చెప్పే చోటు ఎక్కడైనా ఇలాగే ఉంటుంది. అందుకే న్యూయార్క్ మొహం చూడనివాళ్ళు కూడా ఆ సీను చూసి పడీ పడీ నవ్వుతారు.

ఆ షాపులో క్లారెన్స్ కూడా ఎడ్డీ మర్ఫీయే. మూల కూర్చున్న సాల్ అనే తెల్ల యూదు ముసలాయన కూడా ఆయనే. నల్లజాతి చైతన్య సభలో పాడే రాండీ వాట్సన్ కూడా ఆయనే. ఆర్సెనియో హాల్ కూడా అలాగే నాలుగు వేషాలు కట్టాడు. మేకప్ రిక్ బేకర్ చేశాడు, ఆస్కార్ నామినేషన్ వచ్చింది. ఆ తెల్ల ముసలాయన మర్ఫీ అని చివర పేర్లు పడేదాకా ఎంతోమందికి తెలియలేదు. ఇక్కడ నాకు నచ్చే విశేషం ఒకటుంది. కథలో అకీమ్ వేసినది పెద్ద మారువేషమేమీ కాదు. యూనిఫామ్ వేసుకుని మాప్ పట్టుకున్నాడు, అంతే. మొహం అదే, మాట అదే, రాజసం కూడా అదే. నిజమైన మారువేషం ఆ మూల కుర్చీలో ఉంది. దానికి మోసపోయింది లీసా కాదు, టికెట్ కొనుక్కుని కూర్చున్న మనం. ఆ మోసం తెలిసినప్పుడు ఎవరికీ కోపం రాదు. ఇంకోసారి చూడాలనిపిస్తుంది. అకీమ్ మోసం బయటపడినప్పుడు లీసాకి మాత్రం కోపం వస్తుంది. రెండూ వేషాలే. రెండో వేషానికి మాత్రం ఒక మనిషి జీవితం ముడిపడి ఉంది.

మారువేషంలో రాజు అనగానే మన చెవులకు కొత్తేమీ కాదు. విరాట పర్వం విని పెరిగిన వాళ్ళం. కానీ మన కథల్లో రాజు ఏ పరిస్థితిలో వేషం కట్టాడో ఒకసారి గుర్తు చేసుకోండి. అన్నీ పోయాక కట్టాడు. ధర్మరాజు కంకుభట్టుగా విరాటుడి కొలువులో పాచికలాడుతూ బతికాడు. ఆ రాజుకు కోపం వచ్చి పాచిక విసిరితే మొహాన రక్తం కారింది. సైరంధ్రిగా ద్రౌపది కీచకుడి బారిన పడింది. నలుడు బాహుకుడై ఋతుపర్ణుడి దగ్గర గుర్రాలు తోలాడు. అక్కడ మారువేషం అంటే అజ్ఞాతవాసం. బయటపడితే పన్నెండేళ్ళు మళ్ళీ అడవి. దెబ్బ నిజంగా తగులుతుంది, అవమానం నిజంగా జరుగుతుంది.

ఈ హాలీవుడ్ కథల్లో వ్యవహారం తిరగబడింది. రాజ్యం క్షేమంగా ఉంది, ఖజానా నిండుగా ఉంది, విసుగెత్తి ఓ నెల సరదాగా బయటికొస్తారు. ఇక్కడ మారువేషం అంటే సెలవు. క్వీన్స్‌లో అకీమ్‌కి జరిగిన నష్టం ఏమిటి? సామాను పోయింది. దుకాణంలో తుపాకీతో ఒక దొంగ వస్తే మాప్ కర్రతో లొంగదీశాడు. తర్వాత ఎంతో పేరు తెచ్చుకున్న శామ్యూల్ జాక్సన్ ఆ దొంగ వేషం వేశాడు. గది మురికిగా ఉంటే అకీమ్ సంబరపడ్డాడు. పొద్దున్నే మెట్ల మీదికొచ్చి పొరుగువాళ్ళందరికీ శుభోదయం చెబితే ఎవరో బూతు తిట్టారు. దానికీ నవ్వుతూ అదే బూతు మర్యాదగా తిరిగి చెప్పాడు. ఈ సీను మీద ఇంతవరకు ఎవరూ అభ్యంతరం చెప్పినట్టు నేను వినలేదు. హాయిగా ఉంటుంది. కాకపోతే ఆ హాయి ఎక్కణ్ణుంచి వస్తోందో ఆలోచించాలి. ఎప్పుడైనా ఇంటికి వెళ్ళిపోవచ్చు అన్న ధీమాలోంచి వస్తోంది.

ఇదే హోటల్లో మారిస్ అని ఒక కుర్రాడున్నాడు. లూయీ ఆండర్సన్ వేశాడు. అతను అకీమ్, సెమ్మీలతో ఒక మాట చెబుతాడు: నేను కూడా మీలాగే నేల తుడుస్తూ మొదలుపెట్టాను, ఇప్పుడు లెట్యూస్ కడుగుతున్నాను, త్వరలో ఫ్రైస్ దగ్గరికి వెళ్తాను, ఆ తర్వాత గ్రిల్, ఇంకో ఏడాదో రెండేళ్ళో అయితే అసిస్టెంట్ మేనేజర్ అవుతాను. మొహంలో గర్వం ఉంటుంది. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నేల తుడవడం అకీమ్‌కి ఆట, మారిస్‌కి నిచ్చెనలో మొదటి మెట్టు. ఒకే మాప్, ఇద్దరు మనుషులు. సినిమా ఈ తేడాని పట్టించుకోకుండా దాటిపోయింది, కానీ జాగ్రత్తగా చూసే ప్రేక్షకుడు దాటిపోడు. మారిస్ పాత్ర గురించి ఇంకో సంగతి 2021లో మర్ఫీ, హాల్ ఇద్దరూ ఒక టీవీ కార్యక్రమంలో చెప్పారు. దాదాపు అందరూ నల్లజాతి నటులే కావడంతో, ఒక తెల్ల నటుడు కూడా ఉండాలని స్టూడియో పట్టుబట్టిందట. ఇచ్చిన పేర్లలో లూయీ ఆండర్సన్ తమకు బాగా తెలిసినవాడు, నవ్వించగలవాడు కాబట్టి అతన్ని పెట్టుకున్నారట. మూల కుర్చీలో మర్ఫీ తెల్లవాడి వేషం కట్టి కూర్చున్న సినిమా ఇది. ఆ పట్టుబట్టిన పెద్దమనుషులకు ఆ తమాషా తట్టిందో లేదో.

నిజాయితీ సంగతికొస్తే నా ఓటు సెమ్మీకి. పేదరికం తనకు నచ్చలేదని మొదటి రోజే చెప్పేశాడు. అకీమ్ లేనప్పుడు ఆ గదిని మార్చేసి వేడినీళ్ళ తొట్టి కూడా పెట్టించాడు. అకీమ్ అతని దగ్గరి డబ్బు లాక్కుని వీధిలో ఇద్దరు బిచ్చగాళ్ళకు ఇచ్చేశాడు. వాళ్ళు లాండిస్, మర్ఫీ కలిసి చేసిన అంతకుముందు సినిమాలో దివాలా తీసిన కోటీశ్వరులే కావడం ఇంకో చమత్కారం, ఆ సినిమా చూసినవాళ్ళకు. డబ్బు అయిపోయి సెమ్మీ ఇంటికి టెలిగ్రామ్ ఇవ్వబట్టే రాజుగారు దిగడం, గుట్టు రట్టవడం. సెమ్మీని విదూషకుడిగా కొట్టిపారేస్తారు గానీ, కథలో నిజం చెప్పే పని అతనిదే.

ఇప్పుడు లీసా దగ్గరికి. ప్రేక్షకుల్లో ఎక్కువ వాదన నడిచేది ఇక్కడే. తను అబద్ధం చెప్పింది తనని తనుగా ప్రేమించాలనే అని అకీమ్ అంటాడు. అతని పక్షం వహించేవాళ్ళ వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. అతని చుట్టూ పుట్టిన దగ్గర్నుంచీ దండాలు పెట్టేవాళ్ళే. నడిచే దారిలో గులాబీ రేకులు చల్లేవాళ్ళున్నారు. అలాంటివాడికి ఒక మనిషి మనసు తెలియాలంటే కిరీటం దాచడం తప్ప మార్గం ఏముంది? పైగా లీసా వెంటపడుతున్న డారిల్‌ని చూడండి. జుట్టుకు రాసే సోల్ గ్లో వ్యాపారానికి వారసుడు. సభలో అకీమ్ చందా డబ్బాలో నోట్ల కట్ట వేసి మాట్లాడకుండా వెళ్ళిపోతే, ఆ ఘనత తనదే అన్నట్టు ఊరుకున్నాడు. లీసాని ఒక్క మాట అడక్కుండా అందరి ముందూ నిశ్చితార్థం ప్రకటించాడు. అతని పక్కన అకీమ్ నిలబడితే దేవుడిలా కనిపిస్తాడు. కథ రాసినవాళ్ళు తెలివిగా చేసిన పని అది. పక్కన ఇంత పనికిమాలినవాణ్ణి నిలబెడితే హీరో అబద్ధం సగం కడిగినట్టే.

లీసా వైపు నుంచి చూసేవాళ్ళు ఇంకో మాట అంటారు. డారిల్ తనని అడక్కుండా నిర్ణయించాడని లీసా అతన్ని వదిలేసింది. అకీమ్ చేసింది మాత్రం ఏమిటి? ఆమెకు తెలియకుండా ఆమెకు పరీక్ష పెట్టాడు. ప్రశ్నపత్రం ఇవ్వకుండా మార్కులు వేశాడు. లీసా ఎవరిని ప్రేమిస్తోందో ఆమెకే తెలియదు. ఈ వాదన నాకు సగం నచ్చుతుంది. నచ్చని సగం ఏమిటంటే, లీసా ఆ పరీక్షలో పెద్దగా పరీక్షింపబడనే లేదు. ఆమెకు డబ్బు మీద మోజు ఉన్నట్టు మొదటినుంచీ చూపించలేదు. పెట్టిన పరీక్ష గట్టిగా తగిలింది ఆమె తండ్రికి. క్లియో మెక్‌డోవెల్. జాన్ ఏమోస్ వేశాడు.

క్లియో పాత్రను ప్రేక్షకులు నవ్వుకోవడానికి వాడుకుంటారు, ఎందుకంటే ఆయన దుకాణమే ఒక పెద్ద జోకు. మెక్‌డొనాల్డ్స్ వాళ్ళకు బంగారు ఆర్చిలుంటే ఈయనకు బంగారు ఆర్కులు. వాళ్ళ బర్గర్ బన్ను మీద నువ్వులుంటాయి, మా బన్ను మీద ఉండవు, అందుకని మాది వేరు అంటాడు. నిజానికి ఆ దుకాణం సీన్లు క్వీన్స్‌లో ఒక వెండీస్ హోటల్లో తీశారు. 2013లో దాన్ని కూలగొట్టేశారు. క్లియో కష్టపడి పైకొచ్చినవాడు. కూతురు బీదవాణ్ణి చేసుకుంటే తను పడిన కష్టాలన్నీ మళ్ళీ పడాలని భయం. అందుకే డారిల్‌ని ఇష్టపడతాడు, అకీమ్‌ని ఈసడిస్తాడు. అకీమ్ యువరాజని తెలియగానే ఆయన మొహం వెలిగిపోతుంది చూడండి, అది మారువేషం బయటపెట్టిన అసలు రంగు. కథ అక్కడితో ఆగితే క్లియో వట్టి డబ్బు మనిషి. కానీ రాజుగారు లీసాని చులకన చేసి, ఇబ్బందికి పరిహారంగా డబ్బు ఇవ్వబోతే, కూతుర్ని కొనేంత డబ్బు నీ దగ్గర లేదని ఎదురు తిరుగుతాడు. ఈ సినిమాలో ఒక మనిషి నిజంగా మారడం నాకు కనిపించింది ఆ ఒక్కచోటే. అకీమ్ ఎలా వచ్చాడో అలాగే వెళ్ళాడు, ఇంకా కాస్త సంతోషంగా. మారింది మాత్రం క్లియో.

మరి అకీమ్ ఏం వదులుకున్నాడు? సబ్‌వే రైల్లో లీసా వెంట పరిగెత్తి, సింహాసనం వదిలేస్తానంటాడు. రైల్లో వాళ్ళంతా వింటుంటే అంటాడు. లీసా ఒప్పుకోదు. చివర జాముండాలో పెళ్ళిపీటల మీద మేలిముసుగు తీస్తే లోపల లీసా. పెళ్ళయ్యాక బండిలో వెళ్తూ, నా కోసం ఇదంతా వదులుకునేవాడివా అని ఆమె అడుగుతుంది. ఇప్పుడైనా వదిలేద్దాం అంటాడు. వద్దులే అంటుంది. నవ్వు. ఆ ‘వద్దులే’ మీద పోయిన వారం ఇక్కడే రెండు జట్లయ్యాయి. డబ్బు కోసం కాదు ప్రేమ కోసం అని రెండు గంటలు చెప్పి చివరికి కిరీటమే తీసుకున్నారని ఒక జట్టు. అంత కిరీటం చేతిలో ఉండగా కాలదన్నుకోవడం ఆదర్శం కాదు, తెలివితక్కువ అని రెండో జట్టు. నేను రెండో జట్టు. లీసా నవ్వుతూ నిజం చెప్పింది. అంతకుముందు దాకా సినిమా తన గురించి తాను చెప్పుకున్న గొప్పను ఆ ఒక్క మాటతో తానే తగ్గించుకుంది, నాకది నచ్చింది.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడే సినిమా ఒకటుంది, మీలో చాలామంది చూసే ఉంటారు. 1953లో విలియం వైలర్ తీసిన ‘రోమన్ హాలిడే’. యువరాణి ఆన్‌గా ఆడ్రీ హెప్‌బర్న్, విలేకరి జో బ్రాడ్లీగా గ్రెగరీ పెక్. రోమ్‌లోనే తీశారు. ఒక్క రోజు రాజభవనం నుంచి తప్పించుకున్న అమ్మాయి జుట్టు కత్తిరించుకుంటుంది, ఐస్‌క్రీమ్ తింటుంది, స్కూటర్ నడుపుతుంది. ఆ రాత్రే తిరిగి వెళ్ళిపోతుంది. జో ఆమె కథ అమ్ముకుంటే ఐదువేల డాలర్లు వచ్చేవి. అమ్ముకోడు. మర్నాడు పత్రికల వాళ్ళ సమావేశంలో ఇద్దరూ అందరి మధ్యా నిలబడి, ఎవరికీ తెలియకుండా వీడ్కోలు చెప్పుకుంటారు. తర్వాత ఆ పెద్ద హాల్లో జో ఒక్కడే నడుచుకుంటూ వెళ్తాడు. ఈ ముగింపు మార్చమని అడిగే ప్రేక్షకుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. ఏడుస్తారు, బాధపడతారు, కానీ మోసం జరిగిందని మాత్రం అనరు. ఆమె కూడా అబద్ధమే చెప్పింది, అతనూ అబద్ధమే చెప్పాడు. కానీ ఇద్దరూ చివర ఏదో ఒకటి పోగొట్టుకున్నారు. అక్కడ లెక్క సరిపోయింది.

ఆ సినిమా గురించి చెప్పకుండా ఉండలేని సంగతి ఇంకొకటి. కథకు ఆస్కార్ ఇయాన్ మెక్‌లెలన్ హంటర్ పేరు మీద వచ్చింది. నిజంగా రాసింది డాల్టన్ ట్రంబో. కమ్యూనిస్టుల వేట రోజుల్లో అమెరికా కాంగ్రెస్ కమిటీకి జవాబు చెప్పనందుకు జైలుకు వెళ్ళి, సినిమాల్లో పేరు వేసుకోకుండా నిషేధానికి గురైనవాడు. స్నేహితుడి పేరుతో రాశాడు. ఆయన 1976లో పోయాడు. ఆస్కార్ అకాడమీ 1993లో ఆ బహుమతిని ఆయన పేరున ఆయన భార్యకు ఇచ్చింది. సినిమా పేర్లలో ఆయన పేరు చేర్చడానికి రచయితల సంఘం 2011 వరకు తీసుకుంది. మారువేషంలో యువరాణి కథను మారువేషంలో రచయిత రాశాడన్నమాట. అది సెలవు కాదు, అజ్ఞాతవాసమే.

మళ్ళీ జాముండాకి వద్దాం. మహిళా ప్రేక్షకులు లేవనెత్తే అభ్యంతరాల్లో నాకు జవాబు దొరకనిది ఒకటుంది. అదే ఇమాని. అకీమ్‌కి మొదట చూపించిన పెళ్ళికూతురు. నీకేం ఇష్టం అని అడిగితే, మీకు ఏది ఇష్టమైతే అదే అంటుంది. విసుగొచ్చి అతను, ఒంటికాలి మీద గెంతు, కుక్కలా మొరుగు అంటాడు. ఆమె అలాగే చేస్తుంది. హాలంతా గొల్లుమంది. అతని ఉద్దేశం వ్యవస్థను వెక్కిరించడమే కావచ్చు. కానీ ఆ గదిలో ఇద్దరికీ ఒకే రకమైన పెంపకం. ఇద్దరి తరఫునా పెద్దలే నిర్ణయించారు. అతను విమానం ఎక్కి న్యూయార్క్ వెళ్ళిపోయాడు. ఆమె గెంతుతూ ఉండిపోయింది. ఆ పెంపకం నుంచి ఆమెని ఎవరు తప్పిస్తారు అన్న ఆలోచన సినిమాకి లేదు. స్నానాల గదిలో సేవకురాళ్ళ సీను గురించి కూడా అడుగుతారు. దాని మీద నేను ఎక్కువ మాట్లాడను, అది ఆనాటి మగ ప్రేక్షకుడి కోసం పెట్టిన చవకబారు జోకు. రాణి పాత్రే కాస్త మేలు. ఇది మన సంప్రదాయం, మార్చడానికి నేనెవర్ని అని రాజు అంటే, నువ్వు రాజువనుకున్నానే అంటుంది. మాడ్జ్ సింక్లెయిర్ ఆ మాట అన్న తీరు కోసమైనా సినిమా మళ్ళీ చూడొచ్చు.

ఇక ఆఫ్రికా. దీని మీద రెండు అభిప్రాయాలూ నిజమే అని నా నమ్మకం. 1980ల అమెరికన్ తెర మీద ఆఫ్రికా అంటే కరువు, ఆకలి, లేదా తెల్ల వేటగాడి వెనక నడిచే కూలీలు. అలాంటప్పుడు న్యూయార్క్‌ని చూసి జాలిపడేంత సంపద ఉన్న ఆఫ్రికా రాజును చూసి అమెరికాలోని నల్లజాతి ప్రేక్షకులకు గర్వం కలిగింది. అది చిన్న విషయం కాదు. రాజభవనంలో నృత్యాలు పౌలా అబ్దుల్ సమకూర్చింది. దుస్తుల రూపకర్త డెబొరా నాడూల్మన్‌కి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. మొదట్లో వినిపించే పాట దక్షిణాఫ్రికాకు చెందిన లేడీస్మిత్ బ్లాక్ మంబాజో బృందం పాడింది. అదే సమయంలో ఆఫ్రికా ఖండం నుంచి చూసేవాళ్ళు అడిగేదీ నిజమే. తోటలో ఏనుగులు తిరుగుతాయి, మనుషులు మాత్రం కనపడరు. రాజు, రాణి, సేవకులు, నర్తకులు ఉన్నారు. జాముండాలో మారిస్ లాంటివాడు ఒక్కడూ లేడు. అకీమ్‌కి మామూలు మనుషుల మధ్య బతకాలనిపిస్తే, తన రాజ్యంలోనే మారువేషం వేసుకుని తిరగొచ్చు కదా? మన కథల్లో విక్రమార్కుడు చేసిన పని అది. తన ప్రజల మాట వినడానికి రాత్రిపూట బయల్దేరేవాడు. అకీమ్‌కి ఆ ఆలోచనే రాదు. ఎందుకంటే సినిమా జాముండాలో ప్రజల్ని సృష్టించనే లేదు.

ఇంత జనాదరణ పొందిన సినిమాకి లాభమే రాలేదని స్టూడియో కోర్టులో వాదించిందంటే నమ్ముతారా? వ్యంగ్య రచయిత ఆర్ట్ బుక్‌వాల్డ్ అమెరికాకి వచ్చే ఆఫ్రికా రాజు కథ ఒకటి ఈ సినిమా తీసిన పారమౌంట్ స్టూడియోకి అంతకుముందే అమ్మాడు. సినిమా వచ్చాక కేసు వేశాడు. 1990లో కోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. నికర లాభంలో వాటా ఉంది కదా, అంటే, లాభమే లేదు అంది స్టూడియో. ఆ లెక్కల పద్ధతి అన్యాయమని కోర్టు తప్పుపట్టింది. చివరికి బుక్‌వాల్డ్‌కి లక్షన్నర డాలర్లు, ఆయనతో కలిసి కేసు వేసిన నిర్మాత అలెన్ బెర్న్‌హైమ్‌కి ఏడున్నర లక్షలు ఇవ్వమంది. అప్పీలు, ఆ పైన రాజీ. హాలు నిండా జనం, పద్దు నిండా నష్టం. మారువేషం వేసింది అకీమ్ ఒక్కడే కాదు.

2021లో రెండో భాగం వచ్చింది. క్రెయిగ్ బ్రూవర్ దర్శకుడు, థియేటర్లకు బదులు నేరుగా అమెజాన్ ప్రైమ్‌లో. మొదటిదాన్ని ప్రేమించినవాళ్ళలో చాలామంది దీన్ని చూసి నీరసపడ్డారు. మంగలి షాపు వచ్చిన కాసేపు మాత్రం లేచి కూర్చున్నారు. కథ దృష్ట్యా అది మొదటి సినిమా మీద అభిమానులు వేసిన ప్రశ్నలకు ఆలస్యంగా రాసిన జవాబులా ఉంటుంది. అకీమ్ రాజయ్యాడు. ముగ్గురు కూతుళ్ళు, కానీ జాముండా చట్టం ప్రకారం ఆడపిల్లకు సింహాసనం లేదు. తనకు ఇష్టం వచ్చిన పిల్లని చేసుకోవడానికి సముద్రాలు దాటిన మనిషి, కూతురికి హక్కు ఇవ్వడానికి వెనకాడతాడు. క్వీన్స్‌లో తనకు తెలియకుండా పుట్టిన కొడుకుని వెతుక్కుంటూ వెళ్తాడు. ఆ కొడుకు ఎలా పుట్టాడన్న వివరం మీద ప్రేక్షకులు మండిపడ్డారు, న్యాయంగానే మండిపడ్డారు. మత్తులో ఉన్న మనిషి మీద జరిగినదాన్ని జోకుగా పెట్టారు. చివరికి పెద్ద కూతురు మీకాకి హక్కు వస్తుంది, చట్టం మారుతుంది.

ఇమాని కూడా ఈ సినిమాలో కనిపిస్తుంది. అదే నటి, వెనెస్సా బెల్ కాలవే. ముప్పైమూడేళ్ళ తర్వాత, ఇంకా ఒంటికాలి మీద గెంతుతోంది, ఇంకా మొరుగుతోంది. మొదటి సినిమా చూసి నవ్వినవాళ్ళలో కొందరు ఇక్కడ నవ్వలేదు. నేనూ నవ్వలేదు. దాని గురించి మాట్లాడాల్సింది చాలా ఉంది. ఇమాని పక్షాన మాట్లాడదలుచుకున్నవాళ్ళకు ముందు మైకు ఇస్తాను.